సొట్టపడిన క్రొత్త పనిముట్ల బండి

మోటారు మరమ్మతు షెడ్డులోనైనను, లేతు యంత్రములు తిరుగు కార్ఖానాలోనైనను, పనివాని చేతికిని అతని పనిముట్టునకును నడుమ నుండు దూరము అతని దినములో గణనీయమైన భాగమును మ్రింగివేయుచుండును. స్పానరు కొఱకు నాలుగడుగులు, సుత్తి కొఱకు మూలనున్న బల్లదాక, ఇంజను క్రిందినుండి లేచివచ్చి మరల ఇంజను క్రిందికి దూరుట — ఈ వ్యర్థశ్రమను తప్పించుటకే చక్రములు గల పనిముట్ల బండి వాడుకలోనికి వచ్చినది. నాలుగు చక్రములమీద నిలుచు ఉక్కురేకు పెట్టె, అందులో ఒకదానిమీద నొకటిగా ఐదో ఏడో సొరుగులు, నెత్తిన రబ్బరు చాప పరచిన తలము, త్రోయుటకు ప్రక్కన నొక పిడి: చూచుట కింతియే. కాని ఖాళీగానే 50 కిలోలకు మించి తూగు ఈ పెట్టె, పనిముట్లు నింపిన పిమ్మట అంతకు రెండు మూడు రెట్ల బరువును మోయుచు, దినమెల్ల గతుకుల నేలపై దొర్లుచు, వ్రేలితో లాగినంతనే ప్రతి సొరుగును జారివచ్చునట్లుండవలె నన్నచో, దాని కొలతలలో ఎంత నిక్కచ్చితనము కావలెనో ఒకసారి ఆలోచింపదగును.

ఇట్టి బండి క్రొత్తగా వచ్చిన దినముననే దెబ్బతినుట మనము తలచునంత అరుదైన విషయము కాదు. లారీ తలుపు దించి, రెండు చెక్కలు వాల్చి, బియ్యపు బస్తాలను దింపు అలవాటుతోనే కూలీలు దానిని దింపబోవుదురు. చెక్కమీదికి వచ్చునప్పటికి అడుగు చక్రము ప్రక్కకు తిరుగును, బరువంతయు ఒక్క మూలమీద వ్రాలును, ఆ మూల నేలను తాకును. షెడ్డులోనికి వచ్చిన పిమ్మట కలుగు ప్రమాదములు వేరు. బరువైన సామానుతో నిండిన సొరుగులను రెండు మూడింటిని ఒకేసారి తుదవరకు లాగినచో బండి గరిమనాభి ముందు చక్రములను దాటి వెలుపలికి వచ్చును. అంతట నెవరును త్రోయనక్కరలేకయే అది బోర్లపడును. ఈ కారణముచేతనే మంచి బండ్లలో ఒక సొరుగు తెరచియుండగా మరియొకటి తెరవరాకుండ లోపల నొక అడ్డుగడియ నమర్చుదురు. గొలుసు కప్పీనుండి జారిన గేరుపెట్టె బండి నెత్తిమీద పడుటయు, వెనుకకు నడుపుచున్న కారు బంపరు ప్రక్కరేకునకు తగులుటయు కలదు. దెబ్బ యెటునుండి వచ్చినది, ఏ భాగము ముందుగా తాకినది, బలము ఏ త్రోవను పోయి ఎచ్చట నిలిచినది అను ప్రశ్నలకు సమాధానము ఆ రేకుమీదనే వ్రాయబడియుండును. మరమ్మతు చేయువాడు మొట్టమొదట చదువవలసినది దానినే.

పాతవస్తువు చెడినచో మనస్సు త్వరలోనే సమాధానపడును. క్రొత్తవస్తువునకు తగిలిన దెబ్బ మాత్రము చూచినకొలది బాధించును. ఆ బాధలో మనుష్యుడు మొదట చేయబూను పని, కంటికి కనబడు సొట్టను కంటికి కనబడకుండ చేయుట. పుట్టీ పూసి, రంగు చల్లి, ఎట్లో మొదటి రూపు తెప్పించినచో చాలునని తోచును. నా అభిప్రాయము దీనికి పూర్తిగా విరుద్ధము. పనిముట్ల బండి అలంకారవస్తువు కాదు. బరువు మోయవలసినది, కదలవలసినది, లక్షసార్లు తెరచుకొని మూసికొనవలసినది. ఈ మూడింటిలో ఏ యొక్కటి కుంటువడినను పై మెఱుగు ఎంత బాగున్నను ఆ బండి బాగుపడినట్లు కాదు. కావున మరమ్మతు లోపలి చట్రముతో మొదలై, చక్రములకు, సొరుగులకు, ఆ పిమ్మటనే పైరేకునకు వచ్చి, రంగుతో ముగియవలెను. ఈ వరుస తారుమారైనచో చేసిన పనిని మన చేతులతోనే పాడుచేసికొనవలసివచ్చును. నేడు రంగు వేసిన మూలను రేపు జాకీ పెట్టి త్రోయవలసినప్పుడు ఆ రంగు పెచ్చులుగా రాలక మానదు.

సుత్తి చేతబట్టుటకు ముందు కాగితపు పని యొకటి కలదు. దానిని క్లుప్తముగా చెప్పి ముందుకు సాగెదను. దెబ్బ రవాణాలో తగిలినదని తోచినచో, సరుకు దెబ్బతిన్నదని రసీదుమీద వ్రాయకుండ సంతకము చేయరాదు. కట్టు విప్పుటకు ముందును విప్పిన తరువాతను ఫోటోలు తీసికొనవలెను. 2007 నాటి రోడ్డు రవాణా చట్టము ప్రకారము, సరుకు బుక్కుచేసిన తేదీ మొదలు 180 దినములలో రవాణాదారునకు వ్రాతపూర్వకముగా నోటీసు ఇయ్యనిచో పిమ్మట దావాకు తావుండదు. తన జీవనోపాధికై స్వయముగా వాడుకొనుటకు కొన్న మెకానిక్కు వినియోగదారుల కమిషనును గూడ ఆశ్రయింపవచ్చును. అందుకు 2019 నాటి చట్టము రెండు సంవత్సరముల గడువిచ్చినది. సరిచేసిన సొట్ట సాక్ష్యము చెప్పదు గనుక ఈ పని ముందుగానే ముగియవలెను.

ఇక రేకు సంగతి. ఉక్కునకు దెబ్బ తగిలినప్పుడు లోపల జరుగునదేమి? రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించిన సూత్రము ప్రకారము, లాగిన బలమెంతయో సాగుటయు నంత. బలము తొలగినచో వస్తువు తన మొదటి పొడవునకే వచ్చును. అయితే దీనికొక హద్దు కలదు. బండ్లకు వాడు మెత్తని ఉక్కురేకు తన పొడవులో సుమారు వేయింట నొకవంతు సాగునంతవరకే తిరిగి ముడుచుకొనగలదు. అనగా ఒక మీటరు పట్టీ ఒక మిల్లీమీటరు సాగి వెనుకకు రాగలదు, అంతకు మించి సాగినది తిరిగి రాదు. లోహస్ఫటికములలోని అణువుల వరుసలు ఒకదానిపై నొకటి జారుటయే ఇందుకు హేతువు. ఆ జారుట వరుస యంతయు ఒక్కుమ్మడిగా గాక, స్ఫటికములో సహజముగా నుండు అమరికలోపముల వెంబడి అంచెలంచెలుగా సాగునని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారుగా ప్రతిపాదించిరి. జారినకొలది ఈ లోపములు సంఖ్యలో పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడి, తరువాతి జారుటకు మునుపటికంటె హెచ్చు బలము కావలసివచ్చును. ఒకసారి మడతపడిన రేకు ఆ మడతవద్ద చుట్టుప్రక్కలకంటె గట్టిపడియుండుటకును, అదే చోట పలుమారులు వంచినచో తుదకు విరిగిపోవుటకును కారణ మిదియే.

ఈ రెండు సంగతులను కలిపి చూచినచో సొట్టయొక్క మర్మము విశదమగును. అరచేయి వెడల్పు గల సొట్టలో నిజముగా హద్దు దాటిపోయిన రేకు కొంచెమే: చుట్టును లేచిన గట్టు, నడుమనున్న ఒక మడత, అంతియే. తక్కిన పల్లమంతయు తన చోటికి తాను పోవలెనని యత్నించుచు, గట్టిపడిన ఆ అంచుచేత బంధింపబడి నిలిచియుండును. అంచును విడిపించినచో పల్లము చాలవరకు దానంతట అదియే పైకి వచ్చును. అంచును వదలి పల్లమును మోదినచో చెడని రేకు కూడ సాగి చెడును. టింకరింగు విద్యలో తక్కిన నేర్పులన్నియు ఈ ఒక్క భేదమును గుర్తించిన పిమ్మట వచ్చునవే.

విజయవాడ ఆటోనగరులో లారీ క్యాబిన్లను, బస్సు బాడీలను సరిచేసి బ్రదుకు టింకరింగు మేస్త్రీలు అనేకులు కలరు. వారిలో వయసు మీరిన ఒకాయన షెడ్డునకు ఇట్టి బండి యొకటి వచ్చినప్పుడు ఆయన పనిచేసిన తీరును దగ్గర నిలిచి చూచు అవకాశము నాకు కలిగినది. ఎఱ్ఱని క్రొత్తబండి, వెనుకవైపు కుడి క్రిందిమూల నేలకు తాకి లోనికి నొక్కుకొనిపోయినది, ఆ ప్రక్కరేకుమీద అడ్డముగా లోతైన సొట్ట, క్రింది రెండు సొరుగులు సగము వచ్చి నిలిచిపోవుచుండెను. తెచ్చిన యువకుని ఆతురమంతయు రంగుమీదనే యుండెను.

“బాబాయ్, ముందు ఈ పక్క సొట్ట తీసి రంగు కొట్టేయండి. అచ్చం ఈ ఎరుపే రావాలి.”

“రంగుకేం తొందర బాబూ! పెట్టె మూలమట్టానికి ఉందో లేదో చూడొద్దా? సొరుగు నడవకపోతే రంగేం చేసుకుంటావు?”

ఇట్లు చెప్పి ఆయన సొరుగులన్నిటిని ఊడదీయించి, ముంగిటి చట్రమునకు ఐమూలగా టేపు పట్టెను. దీర్ఘచతురస్రమునకు రెండు ఐమూలలును సమానముగా నుండునను సంగతి ఇంటి పునాదికి దారము కట్టు తాపీమేస్త్రీకిని తెలిసినదే. ఆ పరీక్షయొక్క గొప్పతనము అది కంటికి దొరకని తప్పును పెద్దదిగా చేసి చూపుటలో కలదు. 600 మిల్లీమీటర్ల వెడల్పును, 700 మిల్లీమీటర్ల ఎత్తును గల చట్రము 3 మిల్లీమీటర్లు ప్రక్కకు ఒరిగినచో ఎంత నిశితమైన చూపునకైనను అది పట్టుబడదు. కాని ఐమూలలలో ఒకటి పెరిగి మరియొకటి తరుగుటచే రెంటి నడుమ దాదాపు 4 మిల్లీమీటర్ల భేదము టేపుమీద కనబడును. వెనుకవైపును, నెత్తిమీదను, అడుగునను గూడ ఇట్లే కొలువవలెను. అడుగు చట్రము మెలిపడినదేమో తెలిసికొనుటకు ఆయన చేసిన పరీక్ష మరింత సులభమైనది: నాలుగు మూలలనుండి ఐమూలగా రెండు దారములు బిగించి, అవి నడుమ ఒకదానినొకటి తాకీతాకనట్లున్నవా అని వంగి చూచెను. రెంటినడుమ ఎడము కనబడినచో చట్రము ఒక తలములో లేదని గ్రహింపవలెను. ఆ బండిలో ఎడము కనబడినది.

ఇచ్చట బండి నిర్మాణమును గూర్చి ఒక మాట. ఈ పెట్టెలను సామాన్యముగా 18 లేక 20 గేజి రేకుతో, అనగా ఇంచుమించు 1.2 నుండి 0.9 మిల్లీమీటరు మందము గల రేకుతో చేయుదురు. రేకు మందము రెట్టింపైనచో అది వంగకుండ నిలుచు శక్తి ఎనిమిది రెట్లగును గాని, బరువును ఖరీదును గూడ రెట్టింపగును. కావున తయారుచేయువారు సన్నని రేకునే గ్రహించి, దాని అంచులను రెండు మూడు మడతలు వేసి, మూలలను గొట్టపు ఆకారమునకు తెచ్చి, బలమంతయు ఆ మడతలలో దాచుదురు. విశాలమైన ప్రక్కరేకు కేవలము కప్పు, మోయునది మూల. అందుచేతనే ప్రక్కరేకు నడుమ పడిన పెద్ద సొట్ట చూపునకు భయంకరముగా నున్నను ప్రమాదము కాదు. మూల మడతలో పడిన చిన్న నొక్కు చూపునకు ఆనకపోయినను బండి ఆయుస్సును తగ్గించును.

మూలను సరిచేయుటకు మేస్త్రీ వాడినది కార్లకింద పెట్టు మామూలు జాకీ. కురచబడిన ఐమూల వెంబడి రెండు మూలలకును చెక్కదిమ్మలు ఆనించి, వాని నడుమ జాకీ నుంచి, మెల్లమెల్లగా తెరచెను. దిమ్మలు లేనిచో జాకీ మొన సన్నని రేకులో దిగి క్రొత్త సొట్టలను కల్పించును. ఐమూలలు సరిసమానమైన చోట ఆయన ఆపలేదు. మునుపు చెప్పిన హద్దులోపలి సాగుట జాకీ తీసినంతనే వెనుకకు పోవునుగదా! కావున కొంత మించి త్రోసి, విడిచి, కొలిచి, మరల త్రోసి, విడిచినప్పుడు కొలత సరిపోవునంతవరకు ఓపికతో సాగించెను. జాకీ బిగువులో నుండగనే మడతపడిన మూలచుట్టును చిన్నసుత్తితో తేలికగా తట్టుచుండుట నా దృష్టి నాకర్షించినది. ఆ తట్టుటవలన రేకులో చిక్కుకొన్న బిగువు సడలి, లోహము క్రొత్త స్థితిలో కుదురుకొనునట. ఊరక జాకీతో త్రోసినచో హెచ్చు బలము కావలసియుండును, మడతవద్ద రేకు చినుగు భయమును గలదు. నిజముగా ఒకచోట అతుకు చిట్లినది. అచ్చట వెల్డింగును ఒకే గీతగా గాక దూరదూరముగా చుక్కలు పెట్టించి, చల్లారనిచ్చి, నడుమ చోట్లను పూరించిరి. సన్నని రేకునకు వేడి ఒకేచోట చేరినచో వంకర తప్పదు. వెల్డింగుచోట పైపూతను ముందే గీకివేయవలెను; కాలిన పూతనుండి లేచు పొగను పీల్చుట ఊపిరితిత్తులకు కీడు, జస్తాపూత రేకైనచో ఆ పొగ జ్వరమును గూడ తెచ్చును.

చక్రముల విషయమున ఎక్కువ చెప్పనక్కరలేదు. రెండు చక్రములు నేరుగా మాత్రమే తిరుగును, రెండు అన్నివైపులకు తిరుగును. నేలకు తాకిన మూలనున్న చక్రపు బిళ్ల వంగినదేమో, తిరుగుడు ఇరుసు పట్టుచున్నదేమో చూడవలెను. వంగిన బోల్టును సుత్తితో తిన్నజేసి మరల వాడుట మాత్రము ఎవరికిని తగదు. నాలుగు బోల్టుల ఖరీదు టీ ఖర్చుకు మించదు, విరిగినచో పడు బండి బరువు పాదముమీద. చక్రములు బిగించిన పిమ్మట సమతలమైన నేలమీద నిలిపి, ప్రతి చక్రముక్రిందికి కాగితపు ముక్కను దూర్చి చూచినచో ఏ చక్రము నేలనంటలేదో తెలియును. మూడు కాళ్లపై నిలుచు వస్తువునకు ఊగిసలాట యుండదు, నాలుగవది వచ్చినప్పుడే ఆ బాధ. చట్రము మెలి సరిగా తీసియున్నచో కాగితము నాలుగింటిక్రిందను బిగియును. లేనిచో బిళ్లక్రింద వాషర్లు పెట్టి సరిపుచ్చుకొనవచ్చును గాని, ఆ వాషర్లు చట్రములో మిగిలిన తప్పును మనకు జ్ఞాపకము చేయుచునే యుండును.

సొరుగులు నడచునవి ఛానెళ్లమీద. ఒకదానిలో నొకటి దూరు ఉక్కుపట్టాలు, నడుమ వరుసగా గుండ్లు. ఇట్టి జత 30 నుండి 45 కిలోలవరకు మోయగలదు. సొరుగును బండినుండి తీయుటకు రెండు ప్రక్కలను చిన్న మీటలుండును, తరచుగా ఒకదానిని పైకెత్తుచు రెండవదానిని క్రిందికి నొక్కుచు లాగవలెను. ఇది తెలియక బలముతో పెరికినచో గుండ్ల పంజరము వంగి, అవి నేలపై చెదరిపోవును. దెబ్బతిన్న బండిలో సొరుగు పట్టుచున్నదనగానే ఛానెలును నిందించుట పరిపాటి. చాలసారులు తప్పు ఛానెలుది కాదు, అది బిగింపబడిన ప్రక్కగోడది. ఎడమ కుడి గోడల నడుమ దూరము ముందొక విధముగను వెనుకనొక విధముగను ఉన్నచో సొరుగు సగమువరకు సుఖముగా వచ్చి అచ్చట బిగుసుకొనును. ఆ యువకుని బండిలో జరిగిన దదియే. ఒక మిల్లీమీటరు భేదము చాలును. గోడలను సరిచేసిన వెంటనే ఆ రెంటిలో పై సొరుగు తనంత నడిచినది. క్రిందిదానిలో మాత్రము గుండ్లు నడచు గాడిలో సన్నని నొక్కు పడియుండెను. దానిని రుద్ది సరిచేయుటకు ఆయన ఒప్పుకొనలేదు, క్రొత్తజత తెప్పించెను. గుండ్లు ఆ నొక్కును దాటు ప్రతిసారియు దానిని మరికొంత పెంచుననుట ఆయన వాదము, అది సత్యము.

ఇక అందరికి కనబడు సొట్ట. ఈ పనికి కావలసినవి రెండు: తలము నున్నగా నున్న తేలికసుత్తి, చేతిలో పట్టుకొని రేకు వెనుక ఆనించు ఉక్కుదిమ్మ. రెండవదానిని మన మేస్త్రీలు డాలీ యందురు. సుత్తి ముఖముమీదను డాలీ ముఖముమీదను గీత యున్నచో ఆ గీత ప్రతి దెబ్బకు రేకుమీద అచ్చుపడును గనుక, పని మొదలుపెట్టుటకు ముందు మేస్త్రీ రెంటిని ఎమరీ కాగితముతో తుడిచి వ్రేలితో తడవి చూచుకొనెను. పిమ్మట డాలీని లోపలినుండి సొట్టయొక్క లోతైన చోట గట్టిగా అదిమి, సుత్తితో వెలుపల కొట్టినది ఆ పల్లమును కాదు, దాని చుట్టును లేచిన గట్టును. ఒక్కొక్క దెబ్బకు గట్టు కొంచెము దిగును, డాలీ అదుముటచే పల్లము కొంచెము లేచును. దెబ్బలు బలమైనవి కావు. మణికట్టు మాత్రమే కదలుచు, చప్పుడు ఒకే తీరున సాగుచుండెను. దెబ్బ మొదట తగిలిన చోటు చివరకు, చివర ఏర్పడిన అంచు మొదటికి — అనగా ప్రమాదము జరిగిన వరుసకు ప్రతిలోమముగా — బయటినుండి లోనికి చుట్టుచు వచ్చెను. సగముదూరము వచ్చునప్పటికి నడుమ పల్లము ఒక్కసారిగా ‘టప్పు’మని తనంత తాను పైకి వచ్చుట నేను చూచితిని. శాస్త్రజ్ఞులు చెప్పిన హద్దులోపలి సాగుట చేతికందినట్లు కనబడిన క్షణ మది.

నడుమనున్న మడత మాత్రము అట్లు రాదు. అచ్చట డాలీకిని సుత్తికిని నడుమ రేకును నేరుగా ఉంచి కొట్టవలసియుండును. ఇట్లు కొట్టినకొలది రేకు పలుచనై వెడల్పగును గనుక దెబ్బలను లెక్కగా వేయవలెను. అనుభవము లేనివాడు ఇచ్చటనే చెడగొట్టును. వెడల్పైన రేకునకు చుట్టునున్న చట్రములో చోటు చాలక అది ఉబ్బును. వ్రేలితో నొక్కినచో లోనికి పోయి, విడిచినచో ‘టపటప’లాడుచు వెలుపలికి వచ్చును. ఈ రోగమునకు ఇంకను సుత్తిదెబ్బలే మందనుకొన్నచో రోగము ముదురును. దానికి చికిత్స వేడి. ఉబ్బిననడుమ రూపాయి బిళ్లంత చోటును గ్యాసుమంటతో మసక యెఱుపు వచ్చువరకు కాల్చినచో ఆ చోటు వ్యాకోచింపజూచును. చుట్టునున్న చల్లనిరేకు దానికి చోటీయదు. అందుచే అది వెడల్పునకు పోలేక మందమునకు పెరుగును. వెంటనే తడిగుడ్డ నద్దినచో ముడుచుకొనుచు చుట్టునున్న వదులును తనవైపునకు లాగికొనును. వేడిచేయుటచే సాగవలసిన లోహము కురచయగుట మొదట వింతగా తోచును గాని, కారణము తెలిసినచో ఇంతకంటె సూటియైన చికిత్స మరియొకటి లేదు.

తుదిపరీక్ష కంటికంటె చేతిది. పలుచని నూలుగుడ్డను అరచేతిక్రింద నుంచుకొని మేస్త్రీ రేకుమీద నిడుపుగా రాచుచు, కన్నులు మూసికొని, ఎచ్చట ఎత్తు ఎచ్చట పల్లమో సుద్దతో గుర్తుపెట్టుచుండెను. గుడ్డ చర్మపు రాపిడిని తగ్గించుటచే వ్రేళ్లకు ఎత్తుపల్లములు మాత్రమే తెలియును. పిమ్మట ట్యూబులైటు కాంతి ఏటవాలుగా పడునట్లు బండిని త్రిప్పించి, తడిపిన రేకుమీద ఆ కాంతిరేఖ వంకర పోవుచోట్లను సరిచూచెను. లోపలిమడతలో ఒక సన్నని ముడుత మాత్రము మిగిలినది. దానిని ఆయన ముట్టలేదు. “ఇంకో రెండు దెబ్బలేస్తే నునుపొస్తుంది, కానీ చిట్లుద్ది” అనెను. పదే పదే వంగి గట్టిపడిన లోహమును ఇంకను బలవంతపెట్టక, కనబడని చోట నున్న ఆ లోపమును అట్లే యుంచుట నాకు మిక్కిలి వివేకముగా తోచినది.

రంగు సంగతి కడపటిదైనను తేలికది కాదు. నేటి బండ్లమీది పూత బ్రష్షుతో వేసినది కాదు, పౌడరు కోటింగు. రెసినును రంగును కలిపి పొడిచేసి, ఆ పొడికి విద్యుదావేశము కల్పించి రేకుమీదికి చిమ్మి, 180 నుండి 200 డిగ్రీల వేడిగల పెద్ద పొయ్యిలో కొన్ని నిమిషములు ఉంచినచో అది కరిగి, అణువులు ఒకదానితో నొకటి ముడిపడి, 60 నుండి 80 మైక్రానుల మందము గల గట్టిపొరగా నగును. పొడిపూతకు ఆద్యులలో నొకడు ఎర్విన్ గెమ్మర్ అను జర్మను. 1950 ప్రాంతమున ఆయన వేడిచేసిన లోహపువస్తువును గాలిచేత తేలియాడు పొడిలో ముంచు పద్ధతిని రూపొందించెను. ఒకసారి ఉడికి ముడిపడిన ఈ పొర తిన్నరునకు కరగదు. ఆ కారణముచేతనే దానిమీద క్రొత్తరంగు ఊరక చల్లినచో పట్టదు. పొర నునుపును ఉప్పుకాగితముతో చెరిపి, రంగునకు గరుకుపట్టు కల్పింపవలెను. ఇంటివద్ద అట్టి పొయ్యి యుండదు గనుక పౌడరుతో అతుకువేయుట సాధ్యము కాదు. కావలసినచో ఆ రేకును విప్పి కోటింగు చేయువారివద్దకు పంపి మొత్తమునకు క్రొత్తపూత వేయింపవలెను, లేదా గాలికి ఆరు రంగుతో తృప్తిపడవలెను.

సొట్టపడిన చోట పూత పైకి బాగున్నట్లు కనబడినను నమ్మరాదు. రేకు వంగినప్పుడు గట్టిపొర సన్నసన్నగా బీటలువారును. ఆ బీటలలోనికి తేమ చొచ్చి, పొరక్రిందనే తుప్పు ప్రాకుచు, కొన్ని మాసములకు బొబ్బలుగా పైకి లేచును. కావున వదులైన పూతను గట్టిగా పట్టియున్న చోటివరకు గీకి, ఆ అంచును చేతికి తగులనంత వాలుగా అరుగదీయవలెను. తేటపడిన ఉక్కును ఊరక వదలరాదు. గాలిలో తేమ 60 శాతము దాటినచో దిగంబరముగా నున్న ఉక్కుమీద తుప్పు వేగము హెచ్చును, విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలి దానికి తోడగును, చేతిచెమట సరేసరి. కనుక రేకును స్పిరిటుతో తుడిచి, అదే పూటలో జింకు ఫాస్ఫేటు ప్రైమరు వేయుట శ్రేయస్కరము. ప్రైమరు ఆరిన పిమ్మట మిగిలిన చిన్న పల్లములకు పుట్టీ. రెండు మూడు మిల్లీమీటర్లకు మించిన పుట్టీ పనితనము కాదు, మోసము. బండి గతుకుమీద ఎగిరినప్పుడు రేకు కంపించును, పుట్టీ కంపింపలేదు, పగిలి రాలిపోవును.

అచ్చమైన ఎరుపు కావలెనని ఆ యువకుడు కోరెనుగదా. రంగులకు అంకెలిచ్చు జర్మను ఏర్పాటొకటి ఆర్‌ఏఎల్ అను పేర 1927 నుండి కలదు. నలుబది రంగులతో మొదలైన ఆ పట్టిక నేడు ప్రపంచమంతట కార్ఖానాలలో వ్యవహారములో నున్నది. బండి చేసినవారి నడిగి ఆ అంకెను తెలిసికొన్నచో రంగు కలుపువానికి ఊహతో పనియుండదు. అయినను నడుమ నొక చుక్కగా వేసిన రంగు చుట్టునున్న పాతపూతతో కలియక తెలిసిపోవును. సొట్టపడిన ప్రక్కను అంచునుండి అంచువరకు పూర్తిగా వేసినచో, ప్రక్క మారుచోట కాంతియు మారును గనుక భేదము కనబడదు. మేస్త్రీ అట్లే చేయించెను. పలుచని పూతలు మూడు, ఒక్కొక్కదానికి నడుమ ఆరుటకు వ్యవధి. చేతికంటకుండ ఆరుట వేరు, గట్టిపడుట వేరు. గాలికారు రంగు లోలోపల గట్టిపడుటకు వారము పట్టును, అంతవరకు ఆ ప్రక్కకు బరువు ఆనింపరాదు, తాడు కట్టరాదు.

బండి తిరిగి పనిలోనికి వచ్చినప్పుడు పనిముట్ల అమరికను గూర్చియు మేస్త్రీ ఆ యువకునికి చెప్పెను. పెద్ద సాకెట్లు, సుత్తులు, పుల్లర్లు అడుగు సొరుగులో. స్క్రూడ్రైవర్లు, కొలతసాధనములు పైన. గరిమనాభి ఎంత క్రిందనున్న బండి అంత స్థిరముగా నిలుచును. పై సొరుగులో బరువు నింపి గతుకుమీద త్రోసినచో సరిచేసిన మూలకే మరల ఒత్తిడి తగులును. నిండుబండిని లాగక త్రోయవలెను. ఎచ్చటనైన ఒక చక్రము గుంతలో దిగినచో బలముతో కుదుపక సామాను తీసి ఎత్తవలెను. మొదటి వారమున దినమునకొకసారియు, పిమ్మట నెలకొకసారియు చక్రముల బోల్టులను స్పానరుతో ముట్టి చూడవలెను. క్రొత్తగా బిగించిన బోల్టు రంగుపొర నలిగి కుదురుకొనునప్పుడు కొంత వదులగుట సహజము. సొరుగు లాగినప్పుడు ఎక్కడైన బిగువు తోచినచో నూనె పోయుటకు తొందరపడక, ముందుగా ఐమూలకు టేపు పట్టి చూడుమని ఆయన రెండుసార్లు చెప్పెను.